ఫోన్ దించకు, కానీ వెనక్కి జరుగు

చిరంజీవి స్వాతికి,

నాన్న ఆశీస్సులు. పండ్ల బండి అబ్బాయిని కానిస్టేబుల్ కొడుతుంటే తీసి నువ్వు పంపిన వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. మీ అమ్మ ఒక్కసారి చూసి ఫోన్ పక్కన పడేసింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్, "పోలీసోళ్ళతో మనకెందుకండీ" అని. ఇన్నేళ్ళు పోలీసుతో కాపురం చేసిన మనిషే ఆ మాటంటే ఇక బయటివాళ్ళ సంగతేంటి?

నువ్వు చేసింది తప్పు కాదు. రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయడమే నేరమని చెప్పే సెక్షన్ లేదు. కేరళవాళ్ళయితే 2011 పోలీసు చట్టంలో, చట్టబద్ధంగా వీడియో తీసే జనాన్ని పోలీసులు అడ్డుకోకూడదని 33వ సెక్షన్‌లో రాసిపెట్టుకున్నారు. హెల్మెట్ లేనివాణ్ణి మావాళ్ళు వెనకనుంచి ఫొటో కొట్టి చలానా పంపుతారు కదా, అప్పుడెవరి పర్మిషన్ అడుగుతున్నారు?

నేను స్టేషన్ రైటర్‌గా, అంటే కేసుల కాగితాలు రాసే పోలీసుగా చేసినవాణ్ణి. ఆ రాత ఎలా ఉంటుందో నాకు తెలుసు. "పట్టుకోబోగా పారిపోతూ కిందపడి గాయపడినాడు." కొట్టినవాడు ఆ వాక్యంలో ఎక్కడా ఉండడు. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద నలిగి జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి చనిపోయినప్పుడు అక్కడి పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటన కూడా ఈ బాపతే. అనారోగ్య సమస్యతో వ్యక్తి మృతి అన్నారు, మెడ మీద మోకాలి ఊసే లేదు. తొమ్మిదేళ్ల చుట్టాలపిల్లను వెంటబెట్టుకుని అక్కడి దుకాణానికి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్‌లో అంతా తీసింది కాబట్టి ఆ ప్రకటన నిలబడలేదు. మోకాలు పెట్టిన పోలీసు డెరెక్ షావిన్‌కు ఇరవై రెండున్నరేళ్ల శిక్ష పడింది. ఆ పిల్లకు 2021లో పత్రికా రంగంలో పెద్ద అవార్డయిన పులిట్జర్ వాళ్ళ ప్రత్యేక గుర్తింపు వచ్చింది. కానీ ఇంకేమీ చేయలేకపోయానని రాత్రుళ్ళు నిద్రలేకుండా ఫ్లాయిడ్‌కు క్షమాపణ చెప్పుకునేదాన్నని కోర్టులో చెప్పింది. నీకూ రెండు రోజులు నిద్ర పట్టకపోతే కంగారుపడకు, ఫోన్ చెయ్యి.

ఇక నీ వీడియో. కాటా ఎత్తి జీపులో పడేసిన దగ్గర్నుంచి మొదలైంది. అంతకుముందు ఏం జరిగిందో లేదు. సరిగ్గా చెంపదెబ్బ పడే క్షణానికి నీ చెయ్యి వణికి తారురోడ్డు, ఎవరివో చెప్పులు కనిపిస్తున్నాయి. చప్పుడు మాత్రం వినబడుతోంది. నేమ్ ప్లేట్ లేదు, జీపు నంబరు సగమే ఉంది. ఆపైన "సిగ్గులేదా మీకు" అని నువ్వు అరుస్తూ ముందుకెళ్ళావు. అదే వాళ్ళకు కావాల్సింది. విధులకు ఆటంకం కేసుకు, అదే పాత ఐపీసీ 353, ఇప్పుడు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 132, దౌర్జన్యమో చెయ్యి చేసుకోవడమో ఉండాలి, నిజమే. కాగితం మీద "నెట్టివేసి" అన్న ఒక్క మాట చేర్చడానికి రైటర్‌కు ఎంతసేపు పడుతుంది తల్లీ?

అందుకే ఈసారి పదడుగులు వెనక్కి జరిగి తియ్యి. నోరు తెరవకు. నంబరు, నేమ్ ప్లేట్, పక్కన షాపు బోర్డు వచ్చేలా చూసుకో. ఫోన్ లాక్కోబోతే పెనుగులాడకు, జప్తు కాగితం ఇమ్మని అడుగు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ ప్రకారం జప్తును వాళ్ళే వీడియో తీయాలి. ఆ మాట మర్యాదగా గుర్తుచేస్తే చాలామంది వెనక్కి తగ్గుతారు. పద్ధతిగా పనిచేసే కానిస్టేబుల్ నీ ఫోన్‌కు భయపడడు. అబద్ధపు ఫిర్యాదు వస్తే అతన్ని కాపాడేది కూడా ఆ వీడియోనే.

ఒరిజినల్ ఫైలును కత్తిరించకు, దానిమీద పాటలూ రాతలూ పెట్టకు. వాట్సాప్‌లో నాకొచ్చింది కాపీయే. కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలని మీ లా క్లాసులో చెప్పే ఉంటారు.

ఇన్‌స్టాలో పెట్టేస్తానన్నావు. ఆగు. ముందు ఆ పండ్ల బండి అబ్బాయిని కలిసి అడుగు. రేపు కూడా అదే కానిస్టేబుల్ ముందు, అదే మలుపులో బండి పెట్టుకోవాల్సింది అతనే. దెబ్బ తిన్న ముఖం ఊరంతా చూడాలో వద్దో అతని ఇష్టం. వద్దంటే ఫైలు నీ దగ్గరే దాచు. సరేనంటే పోస్టు తర్వాత, ముందు ఫిర్యాదు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను, కమిషనర్‌కు రాయాల్సిన కాగితం ఇద్దరం కూర్చుని రాద్దాం. కాటా తిరిగి ఇచ్చారో లేదో కూడా కనుక్కో.

మీ నాన్న