ఈమధ్య చదివిన నవలల గురించి, ఉన్నదున్నట్టు

బంగారూ,

మొన్న ఫోన్లో ఏదైనా మంచి నవల చెప్పమన్నావు. ఊరికే అన్నీ బాగున్నాయనకుండా నిజం చెప్పమన్నావు కూడా. ఫోన్లో అయితే నువ్వు ఏదో పనిలో ఉంటావు, నేను రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటాను, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఈమధ్య ఒక పద్ధతి అంటూ లేకుండా చదివాను. పాతవి, కొత్తవి, దయ్యాలవి, హత్యలవి, అంతరిక్షంలో తిరిగేవి, ఏది చేతికొస్తే అది. చదవగా చదవగా నాకు ఒకటి తేలింది. మనుషుల గురించి ముందే ఒక తీర్పు రాసిపెట్టుకుని మొదలుపెట్టిన నవల ఎంత గొప్పదైనా నన్ను కొంతదూరం తీసుకెళ్ళి వదిలేస్తోంది. తీర్పు నా చేతికి వదిలేసిన నవల మాత్రం పుస్తకం మూసేశాక కూడా వంటింట్లో నాతోపాటు తిరుగుతోంది.

అలా ఎక్కువ తిరిగింది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన కాలాతీత వ్యక్తులు. 1957లో తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ నిజంగానే డాక్టరు, 1961లో, చిన్న వయసులోనే పోయారు. ఇంకో ఇరవై ఏళ్ళు బతికుంటే తెలుగు నవల ఎలా ఉండేదో అని చదువుతున్నంతసేపూ బాధపడుతూనే ఉన్నా. కథ విశాఖపట్నంలో. ఇందిర అనే అమ్మాయి ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంది, తండ్రి ఆనందరావు కూతురి సంపాదన మీద పడి బతుకుతుంటాడు. ప్రకాశం మెడిసిన్ చదివే కుర్రాడు. కళ్యాణి దిక్కులేని, నెమ్మదైన పిల్ల. ప్రకాశం కళ్యాణి వైపు మొగ్గుతున్నాడని తెలిశాక ఇందిర ఊరుకోదు, తనకు కావలసింది తను లాక్కుంటుంది. ఆ రోజుల్లో ఇలాంటి అమ్మాయిని రాస్తే చివర్లో ఏడిపించడమో, చంపేయడమో, పశ్చాత్తాపంతో ఎవరో ఒకరి కాళ్ళ మీద పడేయడమో చేసేవాళ్ళు. శ్రీదేవి ఆ పని చేయలేదు. ఇందిర స్వార్థం ఇందిరకుంది, దాన్ని దాచలేదు, అలాగని ఆమెకు శిక్షా వేయలేదు. ఇల్లంతా తన నెత్తిన ఉన్న మనిషి ఎవరినీ పట్టించుకోకుండా ముందుకు పోవడంలో ఎంత న్యాయం ఉందో, ఎంత అన్యాయం ఉందో మనల్నే లెక్క చూసుకోమంటుంది.

ప్రకాశం సంగతి నువ్వు ప్రత్యేకంగా చూడాలి. వాడు చెడ్డవాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. మర్యాదగా మాట్లాడతాడు, ప్రేమగా ఉంటాడు, తీరా నిలబడాల్సిన రోజు మేనమామ ఎదురుగా నోరు పెగలదు. ఇలాంటి మంచి కుర్రాళ్ళని మన చుట్టాల్లోనే చాలామందిని చూశాను, వాళ్ళ వల్ల నలిగిపోయిన ఆడపిల్లల్నీ చూశాను. విలన్‌ని గుర్తుపట్టడం తేలిక, ప్రకాశాన్ని గుర్తుపట్టడమే కష్టం. నచ్చనిదేమిటంటే, కళ్యాణిని మరీ మంచిదాన్ని చేశారు. ఆమె కష్టాలు చదువుతుంటే జాలేస్తుంది గానీ, ఇందిర కనిపించగానే పేజీకి వచ్చే ప్రాణం ఆమె కనిపిస్తే రాదు. చివర్లో అందర్నీ ఒక ఒడ్డుకు చేర్చాలన్న తొందర కూడా కాస్త కనిపించింది. అయినా సరే, ఈ జాబితా మొత్తంలో ఒక్కటే చదువుతానంటే ఇదే చదువు.

వేయిపడగలు మళ్ళీ తీశాను. నాన్నగారు దాన్ని ఎంత నెత్తిన పెట్టుకుంటారో నీకు తెలుసు కదా, ఆయన వినకుండా చెప్పాల్సిన మాటేమీ కాదులే, ఆయనతోనే అన్నాను. విశ్వనాథ వర్ణన మొదలుపెడితే మనం ఆ సుబ్బన్నపేటలోనే ఉంటాం. ఆ గుడి, ఆ కోట, ఆ పొలాలు, ఒక్కొక్కటీ క్షీణించిపోతుంటే మన ఊరేదో పోతున్నట్టు గుండె పట్టేస్తుంది. పసరిక లాంటి పాత్రని ఇంకెవరూ రాయలేరు. కానీ ధర్మారావు నోరు విప్పితే అక్కడ ఇంక వాదన లేదు, గెలుపే. ఎదుటివాడికి గట్టి మాట ఒక్కటీ ఇవ్వరు రచయిత. కొత్త చదువు, కొత్త పద్ధతులు వచ్చాయంటే పాడే అన్నట్టు ముందే తేల్చేశారు. కులం విషయంలో ఆ పుస్తకం మొత్తం ఏ పునాది మీద నిలబడిందో దాన్ని నేను ఒప్పుకోలేను, ఒప్పుకోలేనని నీకు స్పష్టంగా చెప్పాలి. భాష కోసం, ఒక పెద్ద బుర్ర ఎలా పనిచేస్తుందో చూడడం కోసం చదువు, కానీ ఇప్పుడే వద్దు.

తులసిదళం మీ పిన్ని ఇంట్లో దొరికింది. యండమూరి పేరు చెబితే అప్పట్లో వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఇంటిల్లిపాదీ కాచుకుని ఉండేవాళ్ళు. ఒక చిన్నపిల్ల మీద ఆస్తి కోసం కాష్మోరా అనే చేతబడి చేయిస్తారు, అదీ కథ. ఇప్పుడు చదివినా రాత్రిపూట నీళ్ళకి లేవాలంటే భయం వేసింది, అంత పట్టుగా రాశారు. ప్రతి అధ్యాయం చివరా మనల్ని ఒక గోడ అంచున నిలబెట్టి వెళ్ళిపోతారు. చివరికి అది మంత్రమా, లేక మనసుకీ ఒంటికీ సంబంధించిన మరో కారణమా అన్నదానికి రెండు దారులూ తెరిచే ఉంచుతారు. తీర్పు మనకు వదిలేయడం నాకు ఇష్టమన్నాను కదా, ఇక్కడ మాత్రం అది నాకు మింగుడు పడలేదు. ఎందుకంటే చేతబడి సంగతి మన దగ్గర ఊహ కాదు. మెదక్ వైపు పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కట్టేసి పళ్ళు పీకారని, చంపేశారని పేపర్లలో ఎన్నిసార్లు చదివాం! అనుమానించేది కూడా ఎప్పుడూ బీదవాళ్ళనే, ఒంటరి ఆడవాళ్ళనే. మనిషి స్వభావం గురించి సందేహం మిగల్చడం వేరు, ఇలాంటి నమ్మకం గురించి సందేహం మిగల్చడం వేరు. కథ చెప్పే నేర్పుకి దండం పెడతాను, ఆ విషయంలో మాత్రం రచయిత ఒక పక్కన నిలబడి ఉండాల్సింది.

నువ్వు పంపిన రెండు ఇంగ్లీషు పుస్తకాలూ అయిపోయాయి. జపాన్ రచయిత హిగాషినో రాసిన ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్‌లో హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పేస్తాడు. ఇంక ఏముంటుంది అనుకున్నా, ఉండాల్సిందంతా ఆ తర్వాతే ఉంది! పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి, ఆ హత్య చేసిన తల్లీకూతుళ్ళని కాపాడడానికి వేసిన ఎత్తు చివరికి తెలిశాక పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ముగింపు చెప్పను. మొదటి పేజీల్లో అతను నది ఒడ్డున, ఇల్లూవాకిలీ లేని వాళ్ళ గుడారాల పక్కనుంచి నడుచుకుంటూ మధ్యాహ్నం భోజనం డబ్బా కొనుక్కోవడానికి వెళ్తాడు చూడు, అక్కడ మాత్రం గబగబా పేజీ తిప్పకు. దీన్నే హిందీలో జానే జాన్ అని తీశారు, చదవకముందు దాని జోలికి పోకు. లోపం ఏమిటంటే, ఎవరికోసం ఇదంతా జరుగుతుందో ఆ తల్లి యసుకో మనసులో ఏముందో మనకు సరిగ్గా తెలియదు. ఇద్దరు మగాళ్ళ తెలివితేటల ఆటలో ఆమె ఒక పావులా మిగిలిపోయింది.

ప్రాజెక్ట్ హెయిల్ మేరీ మొదలుపెట్టేటప్పుడు ఇంత సైన్సు నావల్ల అవుతుందా అని టెన్షన్ పడ్డాను. సూర్యుడి వెలుతురు తగ్గిపోతుంటే దానికి విరుగుడు వెతకడానికి గ్రేస్ అనే స్కూలు సైన్సు మాస్టారు వేరే నక్షత్రం దగ్గరికి వెళ్తాడు, అక్కడ రాతిలాంటి ఒంటితో, అయిదు కాళ్ళతో, సంగీతంలాంటి స్వరాలతో మాట్లాడే రాకీ అనే గ్రహాంతరవాసి తగులుతాడు. వాళ్ళిద్దరూ ముందు అంకెలతో, గడియారంతో మొదలుపెట్టి ఒకరి మాట ఒకరు నేర్చుకునే భాగం ఎంత హాయిగా ఉందో. రాకీ జాతిలో ఒకరు నిద్రపోతే ఇంకొకరు కాపలా కూర్చోవాలి, అది వాళ్ళ మర్యాద, అందుకని గ్రేస్ పడుకుంటే తను చూస్తూ ఉంటానని పట్టుబడతాడు. నువ్వు అంత దూరంలో ఒక్కదానివే గదిలో పడుకుంటావన్న ఆలోచన ఆ పేజీ దగ్గర నన్ను పట్టుకుని వదల్లేదు. భూమ్మీద జరిగే కథ మాత్రం నాకు పేలవంగా అనిపించింది, అక్కడ మనుషులు ఒక్కో పనికోసం వచ్చి వెళ్ళిపోతారు తప్ప మనుషుల్లా ఉండరు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం గురించి కూడా చెప్పాలి. దీనికి 2019లో అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది. నువ్వు సినిమా చూశావు గానీ, సినిమాలో ఉన్న ఆ ప్రేమకథ నవలలో లేదు. కరువొచ్చి మేతా నీళ్ళూ లేక గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కే మనుషులు, వాళ్ళతో ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరక్క వెళ్ళిన రవి, వాడి భయం, అంతే. కడప యాస మొదట్లో కొంచెం ఇబ్బంది పెడుతుంది, తర్వాత ఆ యాస లేకుండా ఆ అడవిని ఊహించుకోలేం. పులి కంటే నీళ్ళు ఎప్పుడు దొరుకుతాయన్న బెంగే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ కుర్రాడిలో ధైర్యం వచ్చే తీరులో ఉపన్యాసాలు అక్కడక్కడా తగిలాయి, అవి లేకపోతే ఇంకా బాగుండేది.

కాలాతీత వ్యక్తులు, కొండపొలం రెండూ పార్సెల్లో పెట్టాను, పచ్చళ్ళ సీసాలకి దూరంగా, వేరే కవర్లో. తర్వాత బండి నారాయణస్వామి శప్తభూమి మొదలుపెడుతున్నా, హండే రాజుల కాలం నాటి అనంతపురం కథ. నీకు వీలైతే నువ్వూ అదే తెప్పించుకో, వారానికి కొంత చొప్పున ఇద్దరం ఒకేసారి చదువుదాం. ఇందిర విషయంలో మాత్రం నువ్వు నాతో ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోలేదో వివరంగా రాయి, వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు.

ప్రేమతో,
అమ్మ