పాత ఈత కొలనుకు ఉప్పునీటి క్లోరిన్ జనరేటర్: మా వినియోగదారులకు ఒక వివరణ

ఇళ్లలోని ఈత కొలనుల నిర్వహణ చూసే చిన్న సంస్థ మాది. ఇప్పుడున్న కొలనును అలాగే ఉంచి, దానికి ఉప్పునీటి క్లోరిన్ జనరేటర్‌ను బిగించమని మా వినియోగదారులలో చాలామంది అడుగుతున్నారు. ఈ పని మేము చేస్తూనే ఉన్నాము, ఇకపైనా చేస్తాము. అయితే కొలనును, అందులోని నీటిని, పంపుగదిని ముందుగా చూడకుండా ఎవరికీ ఈ పరికరం అమ్మకూడదని, చూసిన తరువాత సరిపడదని తోస్తే ఆ మాట నేరుగా చెప్పాలని నిర్ణయించుకున్నాము. ఫోనులోనే ధర చెప్పి మరునాడే బిగించి వెళ్లే వారితో పోల్చుకుని మమ్మల్ని ఆలస్యం చేసేవారిగా అనుకునే అవకాశం ఉంది కనుక, ఈ జాగ్రత్త ఎందుకో కొంత వివరంగా రాస్తున్నాము.

మొట్టమొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఉప్పునీటి కొలను అంటే క్లోరిన్ లేని కొలను కాదు. టైటానియం పలకల మీద రుథీనియం, ఇరిడియం వంటి లోహాల ఆక్సైడ్ పూత వేసి తయారుచేసిన సెల్ గుండా ఉప్పు కలిసిన నీరు పోతున్నప్పుడు, విద్యుద్విశ్లేషణ వల్ల ఆ ఉప్పులోని క్లోరైడ్ నుంచే క్లోరిన్ పుడుతుంది, అది నీటిలో కరిగి సూక్ష్మజీవులను చంపుతుంది, పని పూర్తయ్యాక తిరిగి క్లోరైడ్‌గా మారిపోతుంది. అందుకే ఉప్పు ఖర్చు కాదు. నీరు చింది బయటకు పోయినప్పుడు, నీటిని వెనక్కి పంపి ఫిల్టర్ కడిగే బ్యాక్‌వాష్ చేసినప్పుడు, వాన వచ్చి కొలను పొంగినప్పుడు మాత్రమే తగ్గుతుంది. ఎండకు నీరు ఆవిరైతే ఉప్పు కొలనులోనే మిగులుతుంది. క్లోరిన్ డబ్బాలు మోయడం, నిల్వ చేయడం, కొలవడం తప్పుతాయి. ప్రతిరోజూ కొద్దికొద్దిగా క్లోరిన్ చేరుతుంది కనుక నీరు నిలకడగా ఉంటుంది. ఈ పరికరం ఇచ్చే అసలైన లాభం ఇదే, ఇది చిన్న లాభమేమీ కాదు. నీటిని పరీక్షించే పని మాత్రం మునుపటిలాగే మిగిలి ఉంటుంది.

ఉప్పు విషయం అందరూ భయపడేంత పెద్దది కాదు. చాలా పరికరాలు సుమారు 3,000 పీపీఎం, అంటే లీటరుకు 3 గ్రాముల ఉప్పుతో పనిచేస్తాయి. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాములు ఉంటుంది. 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతు ఉన్న కొలనులో 50,000 లీటర్ల నీరు పడుతుంది, దానిని 3,200 పీపీఎంకు తేవాలంటే లెక్క ప్రకారం 160 కిలోల ఉప్పు కావాలి. అయితే ఏళ్ల తరబడి ద్రవ క్లోరిన్ వాడిన కొలనులో ఉప్పు ఇప్పటికే పోగై ఉంటుంది, ఎందుకంటే ఆ ద్రవంలోనూ ఉప్పు ఉంటుంది, వేసిన క్లోరిన్ కూడా చివరకు క్లోరైడే అవుతుంది. పరీక్షలో 1,000 పీపీఎం అని తేలితే 110 కిలోలే సరిపోతాయి. పరీక్షించకుండా మొత్తం బస్తాలు కుమ్మరిస్తే, ఎక్కువైన ఉప్పును తీయడానికి నీరు పారబోయడం తప్ప సులువైన మార్గం లేదు. అయొడిన్ గానీ, గడ్డకట్టకుండా కలిపే రసాయనాలు గానీ లేని శుద్ధమైన ఉప్పునే వాడతాము. దానిని నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్‌లో పోయకుండా కొలనులో చల్లి, బ్రష్‌తో కదిలించి, పంపు ఒక రోజు తిరిగి ఉప్పు పూర్తిగా కరిగిన తరువాతే సెల్‌ను ఆన్ చేస్తాము. సిమెంటు పూత కొత్తగా వేయించినవారు కనీసం ఒక నెల ఆగాలి.

పరికరం ఎంత పెద్దది కావాలన్న ప్రశ్న దగ్గర అమ్మకపు మాటలకూ వాస్తవానికీ ఎక్కువ దూరం కనిపిస్తుంది. పెట్టె మీద “50,000 లీటర్లకు” అని రాసి ఉంటే, ఆ లెక్క చాలాసార్లు యంత్రం రోజంతా పూర్తి సామర్థ్యంతో తిరిగితేనే కుదిరేది. ఎండ పడే కొలనుకు రోజుకు 3 పీపీఎం క్లోరిన్ అవసరమనుకుంటే, 50,000 లీటర్లకు అది 150 గ్రాములు. గంటకు 10 గ్రాములు తయారుచేసే సెల్ అయితే దానికోసం 15 గంటలు పనిచేయాలి; గంటకు 20 గ్రాములదైతే ఏడున్నర గంటలు చాలు. మీ పంపు రోజుకు 8 గంటలే తిరుగుతుంటే చిన్న సెల్ ఎంత చవకైనా అది మీ కొలనుకు సరిపోదు, పైగా ఎప్పుడూ గరిష్ఠ స్థాయిలో నడిచి త్వరగా అరిగిపోతుంది. అందువల్ల కొలను పరిమాణానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల సామర్థ్యం ఉన్న సెల్‌నే మేము సూచిస్తాము. ఖరీదైనది అంటగడుతున్నామని అనిపిస్తే, పైన ఇచ్చిన లెక్కను మీ కొలను కొలతలతో మీరే ఒకసారి వేసి చూసుకోండి.

ఇక నీరు ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉందో చెప్పే పీహెచ్ గురించి కొంచెం ఎక్కువగా రాయక తప్పదు, ఎందుకంటే పరికరం పెట్టించుకున్న తరువాత వచ్చే ఫోన్లలో అధిక భాగం దీని గురించే. ఉప్పునీటి కొలనులో పీహెచ్ నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. సెల్‌లో క్లోరిన్‌తో పాటు క్షారం కూడా పుడుతుంది కనుక అదే కారణమని చాలామంది అనుకుంటారు గానీ, క్లోరిన్ తన పని ముగించుకునే క్రమంలో ఆ క్షారం లెక్క దాదాపుగా సరిపోతుంది. అసలు కారణం సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు. అవి నీటిని కదిలిస్తూ అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు లాగేస్తాయి, అది పోయిన కొద్దీ పీహెచ్ పైకి పోతుంది. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ మార్పును అడ్డుకునే బైకార్బనేట్ వంటి లవణాల మోతాదు, ఎక్కువగా ఉన్న నీటిలో ఇలా పోవడానికి సిద్ధంగా ఉన్న వాయువు కూడా ఎక్కువే. అందుకే మామూలు కొలనులో 100 పీపీఎం దాటినా పట్టించుకోని ఆల్కలినిటీని ఇక్కడ 60 నుంచి 80 మధ్యకు దించుతాము. కొలనులో జలపాతం, ఫౌంటెన్ వంటి అలంకారాలు ఉంటే అవి కూడా ఇదే పని చేస్తాయి కనుక, వాటిని చూడాలనుకున్నప్పుడు మాత్రమే నడపడం మంచిది. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పీహెచ్‌ను దించడానికి యాసిడ్ వేయవలసిన అవసరం పూర్తిగా పోదు. క్లోరిన్ డబ్బా స్థానంలోకి కొంతవరకు యాసిడ్ డబ్బా వస్తుందని ముందే అనుకుంటే తరువాత నిరాశ ఉండదు.

పీహెచ్‌ను వదిలేస్తే దెబ్బ మొదట తగిలేది సెల్‌కే. విద్యుద్విశ్లేషణ జరిగేటప్పుడు రుణ పలక దగ్గరి నీటిలో క్షారత మిగతా కొలనులో కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది, అందువల్ల నీటిలోని కాల్షియం ముందుగా అక్కడే తెల్లటి పొరలా పేరుకుంటుంది. చాలా యంత్రాలు కొన్ని గంటలకొకసారి విద్యుత్ దిశను మార్చి ఆ పొరను రాల్చివేస్తాయి గానీ, కఠినజలం ఉన్నచోట అది చాలదు. అప్పుడు పలచన చేసిన యాసిడ్‌తో కడగాలి. యాసిడ్‌ను నీటిలో పోయాలే తప్ప నీటిని యాసిడ్‌లో ఎన్నడూ పోయకూడదు. తెల్లపొర కనిపించకపోయినా శుభ్రంగా ఉంటుందని నెలనెలా కడిగితే పలకల మీది ఖరీదైన పూతే కరిగిపోతుంది.

స్టెబిలైజర్ అని మనం పిలిచే సైనూరిక్ ఆమ్లం క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతుంది. ఆరుబయట ఉన్న ఉప్పునీటి కొలనులో అది సుమారు 60 నుంచి 80 పీపీఎం ఉండడం మంచిది. క్లోరిన్ బిళ్లలు వాడినవారి నీటిలో ఇది చాలాసార్లు అవసరానికి మించి ఉంటుంది, ఎందుకంటే ట్రైక్లోర్ బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ చేరినప్పుడల్లా సుమారు 6 పీపీఎం సైనూరిక్ ఆమ్లం చేరి అక్కడే నిలిచిపోతుంది. అలాంటి కొలనులో కొంత నీరు మార్చిన తరువాతే ఉప్పు వేస్తాము.

అమరికలో మేము ఏమాత్రం సడలింపు ఇవ్వని విషయం ఒకటి ఉంది. సెల్‌లో క్లోరిన్‌తో పాటు హైడ్రోజన్ పుడుతుందని పైన చెప్పాము. నీరు పారుతున్నంత వరకు ఆ వాయువు కొలనులోకి పోయి గాలిలో కలిసిపోతుంది. పంపు ఆగి సెల్ మాత్రం పనిచేస్తూ ఉంటే మూసుకున్న గొట్టంలో పోగై పేలుడుకు దారితీయగలదు. అందువల్ల నీటి ప్రవాహాన్ని పసిగట్టే ఫ్లో స్విచ్ ఉన్నా సరే, పంపుకు కరెంటు అందినప్పుడే యంత్రానికీ అందేలా రెండింటినీ ఒకే టైమర్‌కు కలుపుతాము. యంత్రాన్ని పక్కనున్న ప్లగ్గులో పెట్టి వెళ్లిపోమని అడిగితే ఒప్పుకోము. సెల్ ఎప్పుడూ ఫిల్టర్, హీటర్ల తరువాత, కొలనుకు తిరిగి వెళ్లే గొట్టంలో చివరిదిగా ఉండాలి. వైరింగును, ఎర్తింగును అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్న తరువాతే మా పని మొదలవుతుంది. వేగం మార్చుకునే పంపు ఉన్నవారికి చిన్న సూచన: మరీ తక్కువ వేగంలో ఫ్లో స్విచ్ నీటి ప్రవాహాన్ని పసిగట్టకపోతే యంత్రం క్లోరిన్ తయారుచేయదు, కనుక ఏ వేగం చాలునో బిగించిన రోజే చూసి రాసిస్తాము.

మేము వద్దని చెప్పే కొలనులు ఎక్కువగా రాళ్ల వల్ల, లోహాల వల్ల అలా తేలుతాయి. గట్టు మీద మెత్తటి ఇసుకరాయి, సున్నపురాయి పరచి ఉంటే, చిందిన నీరు రాతి రంధ్రాలలో ఆరి, ఉప్పు స్ఫటికాలై, రాతి పైపొరను రేకులుగా లేపుతుంది. సీలర్ పూయడం, రోజూ మంచినీటితో కడగడం కొంత సాయం చేస్తాయి గానీ, ఆ క్రమశిక్షణ ఏళ్ల తరబడి సాగుతుందని మేము హామీ ఇవ్వలేము. గోడలు జింకు పూత పూసిన ఉక్కువైనా, కొలనును కప్పే ముసుగు నడిచే పట్టాలు అల్యూమినియంవైనా బాగా ఆలోచించుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ నిచ్చెన 304 రకానిదైతే మచ్చలు పడతాయి, 316 రకం మెరుగ్గా నిలుస్తుంది. హీటరులో రాగి గొట్టాలు ఉన్నవారు దాని తయారీదారు ఉప్పునీటిని అనుమతిస్తున్నారో లేదో వారంటీ పత్రంలో చూసుకోవాలి. త్వరగా తుప్పు పట్టే లోహాల బదులు తానే కరిగిపోయే జింకు ముక్కను అమర్చడం ఒక రక్షణే గానీ, చెడ్డ ఎర్తింగును అది సరిచేయదు.

యంత్రం చేయలేని పనులు కూడా కొన్ని ఉన్నాయి. నీరు ఆకుపచ్చగా మారితే సెల్‌ను పూర్తి స్థాయికి పెంచి ఎదురుచూడడం వృథా. అప్పుడు ద్రవ క్లోరిన్ వేసి నీటిని బాగుచేసి, ఆ తరువాతే సెల్‌కు అప్పగించాలి. నీటి ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల కంటే తగ్గితే చాలా యంత్రాలు క్లోరిన్ తయారుచేయడం ఆపేస్తాయి. దీనికి విరుద్ధంగా, కొలనుకు ముసుగు వేసి ఊరెళ్లినప్పుడు ఎండ తగలక, వాడకం లేక క్లోరిన్ అవసరానికి మించి పెరుగుతుంది కనుక యంత్రాన్ని తగ్గించి వెళ్లాలి. బ్యాక్‌వాష్ నీటిని ఇంతకాలం చెట్లకు వదిలినవారు ఇకపై ఆ పని మానుకోవాలి, ఉప్పు నేలలో పేరుకుని మొక్కలను చంపుతుంది.

డబ్బు విషయం కూడా దాచకుండా చెబుతాము. సెల్ శాశ్వతమైనది కాదు. పలకల పూత కొన్ని వేల గంటల పని తరువాత అరిగిపోతుంది, వాడకాన్ని బట్టి మూడు నుంచి ఏడేళ్లలో కొత్త సెల్ కొనవలసి ఉంటుంది. దాని ధరను ఆ సంవత్సరాలకు పంచి చూస్తే, క్లోరిన్ మీద మిగిలే సొమ్ము చాలా ఇళ్లలో పెద్దగా కనిపించదు. పొదుపు కోసమే అయితే మారవద్దు, సౌకర్యం కోసమైతే మారండి అన్నది మా అభిప్రాయం. మీరు మారితే మాకు క్లోరిన్ అమ్మకం తగ్గి సెల్‌ల అమ్మకం పెరుగుతుంది కనుక ఈ సలహాలో మా లాభనష్టాలు కూడా కలిసే ఉన్నాయి, అది గమనించే దీన్ని తూచుకోండి. మా సందర్శనలు తగ్గుతాయా అని అడిగేవారికి జవాబు: వేసవిలో వారానికొకసారి పీహెచ్, క్లోరిన్ చూడడం, నెలకొకసారి ఉప్పు, స్టెబిలైజర్ చూడడం ఎవరో ఒకరు చేయాలి. మీరే చేసుకుంటామంటే పరీక్ష కిట్టు వాడడం నేర్పి, మా రాకపోకలను తగ్గించుకుంటాము.

పరిశీలన కోరుకునేవారు కొలను కొలతలు, పంపు రోజుకు నడిచే గంటలు, ఇప్పటివరకు వాడిన క్లోరిన్ రకం, హీటర్ ఉంటే దాని మోడల్ రాసి, గట్టు రాయి, నిచ్చెన, పంపుగది ఫోటోలతో పంపండి. మేము వచ్చేముందు రెండు రోజులపాటు నీటిలో ఏ రసాయనమూ వేయకండి. ఇప్పటికే పేరు నమోదు చేసుకున్నవారికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. మీ కొలనుకు సరిపడదని తేలితే మీరు ఇచ్చిన అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాము.