వేసవి శిబిరాల్లో పెద్ద పిల్లలకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా వేసవి సెలవుల్లో ప్రభుత్వ గ్రంథాలయాలు నిర్వహించే విజ్ఞాన శిబిరాలు మెచ్చదగినవే అయినా, అవి చాలావరకు చిన్నపిల్లలను దృష్టిలో పెట్టుకునే సాగుతున్నాయి. పదో తరగతి పరీక్షలు రాసిన మా మనవరాలిని మా ఊరి శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్తే, ఆరేడేళ్ల పిల్లల మధ్య కూర్చోబెట్టి, ముందే గీసి ఉంచిన నెమలి బొమ్మకు రంగులు వేయమన్నారు. సగం తోక వరకు వేసి, క్రేయాన్ పక్కన పెట్టి, గోడవారనున్న బీరువా అద్దంలోంచి నవలల పేర్లు చదువుకుంటూ కూర్చుంది. బీరువాకు తాళం, తాళంచెవి గ్రంథపాలకుని దగ్గర, ఆయన మరో ఊరి శాఖకూ ఇన్‌చార్జి కావడంతో ఆ రోజు అక్కడున్నారు. ఆయన్ని తప్పుపట్టలేను.

13 నుంచి 18 ఏళ్ల వారికి సాయంత్రం వేళ రెండు గంటలు విడిగా కేటాయించి, చదివిన కథకు మరో ముగింపు రాయించడం, ఊరి పెద్దల నోట సామెతలు, పాటలు సేకరింపజేసి గోడపత్రికగా అంటింపజేయడం వంటివి చేపడితే, డ్రాయింగ్ షీట్లకు, జిగురుకు మించి ఖర్చుండదు. ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. 1914లోనే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ముందుండి గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపిన నేల ఇది.

వచ్చే వేసవికైనా జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈ వయసు వారికి ప్రత్యేక కార్యక్రమం రూపొందించాలని, శిబిరం జరిగినన్ని రోజులూ బీరువాలు తెరిచి ఉంచాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా