బీగిల్ తెచ్చే ముందు

చిన్నీ,

బుజ్జిగాడి పుట్టినరోజుకి బీగిల్ కుక్కపిల్లను తెద్దామనుకుంటున్నామని మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెప్తే సగం విని "సర్లే నాన్నా" అంటావని రాస్తున్నాను. నా సర్వీసంతా గేదెలతోనే గడిచినా ఆస్పత్రికి కుక్కల్ని తెచ్చేవాళ్ళూ బాగానే ఉండేవాళ్ళు, కాబట్టి నా మాట కొంచెం చెల్లుతుందనుకుంటా.

మంచి కుక్కే. పిల్లలతో ఓపిగ్గా ఉంటుంది, మామూలుగా పది పన్నెండు కిలోలకు అటూఇటూగా ఉంటుంది, మంచు ప్రాంతాల హస్కీలాగా మన ఎండలకు అల్లాడిపోదు (బొచ్చు మాత్రం ఏడాది పొడుగునా రాలుతుంది, అల్లుడి నల్ల ప్యాంట్ల సంగతి ఇక అంతే). కానీ దీన్ని ఇంగ్లండ్‌లో కుందేళ్ళ వేట కోసం గుంపులుగా పెంచారు, ఆ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. వాసన తగిలిందంటే ముక్కు నేలకానించి పోతూనే ఉంటుంది, నువ్వెంత పిలిచినా లెక్కచేయదు. అమెరికాలో 1984 నుంచి ఎయిర్‌పోర్టుల్లో సంచుల్లో దాచిన పళ్ళు, మాంసం పట్టించడానికి బీగిల్స్‌ని వాడేది ఆ ముక్కు కోసమే. అందుకని ఎంత ట్రైనింగ్ ఇచ్చినా సరే, మీ గేటు లోపల కూడా బెల్టు తీసి వదలొద్దు.

గుంపులో బతికే జాతి కాబట్టి ఒంటరిగా ఉండటం అస్సలు పడదు, నా టెన్షనంతా ఇక్కడే. మీరిద్దరూ పొద్దున్నే ఆఫీసులకి, వాడు స్కూలుకి, అట్నుంచి డేకేర్‌కి పోతే, ఆ ఖాళీ ఫ్లాట్లో అది సోఫా కొరుకుతుంది, సోఫా పోతే పోయింది, పైగా ఏడుస్తుంది. మామూలుగా మొరగదమ్మా, తల పైకెత్తి రాగం తీస్తుంది, వేటలో దూరంగా ఉన్నవాళ్ళకి కూడా వినపడే గొంతు మరి. ఫ్లాట్లలో కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు ఎప్పుడో చెప్పింది గానీ, రూల్ చూపిస్తే పక్కింటావిడకి నిద్ర పడుతుందా?

వారంలో ఇంటి నుంచి పనిచేసే రోజులు ఇద్దరికీ కలిపి ఎన్నో ముందు తేల్చుకోండి. ఒకటో రెండో అయితే పిల్లను తేవద్దు, పనిమనిషి చూసుకుంటుందిలే అనుకోవద్దు. పగలు మనిషి ఉండేట్టయితే కూడా నన్నడిగితే పెద్ద కుక్కే మేలు. ఈ గోల భరించలేక ఏడాది తిరక్కుండానే వదిలించుకునేవాళ్ళు ఉంటారు, అలాంటిదాన్ని దత్తత తీసుకుంటే దాని గుణం ముందే తెలుస్తుంది. మందుల ప్రయోగాలకి ల్యాబుల్లో వాడే కుక్కలూ ఎక్కువగా బీగిల్సే, ఏం చేసినా ఎదురు తిరగవని, అదీ వాటి ఖర్మ. ల్యాబుల నుంచి బయటికొచ్చినవాటిని ఇళ్ళకి ఇప్పించేవాళ్ళు బెంగళూరులో ఉన్నారు, కాకపోతే కొన్ని మెట్లు చూసినా భయపడతాయి, చాలా ఓపిక కావాలి.

పిల్లే కావాలంటే షాపులో అద్దాల పెట్టె ముందు నిలబడి కొనొద్దు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం పెట్టిన 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ ఉండాలి. తల్లిని చూపించమను, ఊళ్ళో లేదనో ఇంకోటనో కథలు చెప్తే తిరిగొచ్చేయ్. పదహారు వారాలు వచ్చేదాకా టీకాలు వరసగా పడాలి, మూడు నెలలు నిండాక రేబిస్‌ది. అవి పూర్తయ్యేదాకా రోడ్డు మీద దించొద్దు, పార్వో అనే వైరస్ జబ్బుతో రక్తవిరేచనాలై రెండు మూడు రోజుల్లో పోయిన కుక్కపిల్లల్ని చూశాను.

తిండి దగ్గర దీనికి సిగ్గుండదు. ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టే చూస్తుంది, ఆ చూపుకి కరిగితే ఏడాదిలో పీపాలా తయారై నడుం నొప్పులు తెచ్చుకుంటుంది. కొలిచి పెట్టండి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లి విషం. మన కూరల్లో ఉల్లిపాయ లేనిదేది, అందుకే కూరన్నం వద్దు. చెవులు వేలాడతాయి కాబట్టి లోపల చెమ్మ చేరి చీము పడుతుంది, వారానికోసారి ఎత్తి చూసి వాసన వస్తే డాక్టరుకి చూపించు. పిడుదుల మందు మానొద్దు, వాటి వల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదకి తెస్తుంది.

ఇది పన్నెండు పదిహేనేళ్ళు బతుకుతుంది. బుజ్జిగాడికిప్పుడు ఆరు, వాడు హాస్టల్‌కి పోయాక దాన్ని తిప్పేది నువ్వే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మాత్రం కార్లోనే రండి. రైల్లో ఫస్ట్ ఏసీలో కూపే (రెండు బెర్తుల గది) గానీ నాలుగు బెర్తుల గది గానీ మొత్తం మనకే దొరికితేనే కుక్కని మనతో ఎక్కనిస్తారు, లేదంటే గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టెలో వేస్తారు. మీ అమ్మ కుక్కని గడప తొక్కనివ్వనంటూనే, దేవుడి గదికి చిన్న తలుపు పెట్టించమని నా వెంటపడుతోంది.

నాన్న