ఇంటి పన్ను సరే, లెక్క ఏది?

సంపాదకుడు గారికి,

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన గజం ధర ప్రకారం స్థలం విలువ కడతారు. ఇల్లు ఎంత పాతదో చూసి, తరుగుదల పోను కట్టడం విలువ దానికి కలుపుతారు. వచ్చిన మొత్తంలో నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను. కోవిడ్ ఏడాది రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే ఆస్తి పన్నును భూమి విలువలతో ముడిపెట్టాలని కేంద్రం షరతు పెట్టింది. మన రాష్ట్రం 2020లోనే చట్టం సవరించి 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి తెచ్చుకుంది.

పాత పద్ధతే మేలని నేను అనను. ఎవరూ ఇవ్వని అద్దెలు ఊహించి, ఏళ్ల తరబడి వాటిని సవరించకుండా వదిలేసిన పద్ధతి అది. నా అభ్యంతరమల్లా, ఈ కొత్త లెక్కను ఇంటి యజమానికి చూపించకపోవడం మీదే.

మా పురపాలక సంఘం ఇచ్చే నోటీసులో అసెస్‌మెంట్ నంబరు, కట్టాల్సిన మొత్తం, పాత బకాయి ఉంటాయి. ఏ గజం ధర వేశారో, ఎంత తరుగుదల తీశారో ఉండదు. మా వెనక సందులో ఒకరి ఇంటికి మెయిన్ రోడ్డు ధర వేశారు. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి మార్కెట్ విలువ పత్రం తెచ్చుకుంటే గానీ ఆ సంగతి బయటపడలేదు. రివిజన్ పిటిషన్, అంటే పన్ను మళ్లీ లెక్కించమనే అర్జీ, పెట్టుకోవచ్చు కదా అంటారు. దేని మీద పెట్టాలి?

ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమన్నది మంచి ఏర్పాటే. కానీ కొత్త విలువ ప్రకారం రావాల్సిన పన్నును అందుకునేదాకా ఆ పెంపు ఏటా సాగుతుంది. 2,000 కట్టేవారు అయిదేళ్లు తిరిగేసరికి 4,000 దాటతారు. ఎక్కడ ఆగుతుందో నోటీసులో లేదు కాబట్టి పింఛను మీద బతికేవాళ్లకు ప్రతి ఏప్రిల్‌లోనూ టెన్షనే. పైగా 2025 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ విలువలు సవరించారు. స్థలం అమ్ముకునేవాడికి ధర పెరిగితే చేతికి డబ్బు వస్తుంది. ఉన్న పెంకుటింట్లోనే ఉండేవాళ్లకు రోడ్డు వెడల్పయి స్థలం ధర పెరిగినందుకు ఏం వస్తుంది?

సొంతంగా ఉంటున్న 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. సంతోషం. 400 అడుగుల ఇల్లున్న ఒంటరి ముసలమ్మకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. అడుగుల లెక్కతో పాటు ఇంటివారి ఆదాయం కూడా చూడాలి.

ఏప్రిల్ నెలాఖరులోగా మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ అని ఊరంతా మైకులో చెప్పిస్తారు, ఆ ఓపిక ఉన్నవాళ్లకు నోటీసు వెనక నాలుగు ముక్కలు అచ్చు వేయించడం కష్టమా? స్థలం ఎంత, గజం ధర ఎంత, తరుగుదల పోను కట్టడం విలువ ఎంత, 15 శాతం పెంపు ఏ మొత్తం దగ్గర ఆగుతుంది, ఇవి చాలు. వీధులవారీ ధరల పట్టికను వార్డు సచివాలయం గోడ మీద అతికించాలి. వచ్చే అర్ధ సంవత్సరం నోటీసుల నుంచే ఇది మొదలుపెట్టాలని పురపాలక శాఖను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా