అలరించిందా, జనమే లేరా? ఏదో ఒకటి తేల్చండి

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ బెంగళూరు పేజీల్లో తెలుగు నాటకానికి ప్రేక్షకులు కరవయ్యారంటూ పెద్ద కథనం వేశారు. ఖాళీ కుర్చీల ఫొటో ఒకటి దానికి తోడు. ఆ సాయంత్రం ఆ హాల్లో చివరిదాకా కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి, కాస్త ఆలస్యమైనా రాయక తప్పడం లేదు.

అదే ప్రదర్శన గురించి మర్నాడే మీ పత్రికలో ఒక వార్త వచ్చింది, గుర్తుందా? వేదిక మీద కూర్చున్నవాళ్లందరి పేర్లూ, హోదాలూ, ఎవరు ఎవరికి శాలువా కప్పారో పూసగుచ్చినట్టు రాశారు. చిట్టచివర ఒకే ఒక్క వాక్యం: అనంతరం ప్రదర్శించిన నాటిక ప్రేక్షకులను అలరించింది. ఆ నాటిక పేరు లేదు. రాసినవాళ్ల పేరు లేదు, దర్శకుడి పేరు లేదు. తల్లి వేషంలో మా అందరి చేతా కళ్లు తుడిపించిన ఆవిడ పేరు అసలే లేదు. ఫొటోలో శాలువా కప్పినవాళ్లు, కప్పించుకున్నవాళ్లు తప్ప ముఖానికి రంగు పూసుకున్న మనిషి ఒక్కరూ కనబడలేదు. వారం తిరిగేసరికి, అలరింపబడిన ఆ ప్రేక్షకులు అసలు రానే లేదని తేల్చారు. రెంటిలో ఏది నిజమో మీ విలేకరే చెప్పాలి.

జనం వచ్చారండీ. ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 గంటలకని ఉంటే, ఆ వేళకి హాలు ముప్పాతిక నిండింది. ముఖ్య అతిథి ట్రాఫిక్‌లో చిక్కుకున్నారన్నారు. వైట్‌ఫీల్డ్ నుంచీ, ఎలక్ట్రానిక్ సిటీ నుంచీ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు మరి గాల్లో ఎగిరొచ్చారా? ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, ఒక్కొక్కరినీ బిరుదులతో సహా వేదిక మీదికి పిలవడం, పూలగుత్తులు. ఆ తర్వాత ఉపన్యాసాలు. ప్రతివారూ రెండు ముక్కలే చెబుతానని మొదలుపెట్టినవారే. ఒకాయన తన చిన్నప్పుడు ఊళ్లో చూసిన నాటకాల గురించి చాలాసేపు మాట్లాడారు. తెర వెనక గంటల తరబడి మేకప్‌తో కూర్చున్న ఈ నాటకం సంగతి ఆయనకు తట్టనే లేదు. సన్మానం అందగానే పెద్దలంతా తమ అనుచరులతో సహా లేచి వెళ్లిపోయారు. మీ ఫొటోలో బోసిగా కనిపించిన ముందు వరుసలు వాళ్లవే. వెనకవాళ్లలో చాలామంది పిల్లలు నిద్రకొచ్చి, ఆఖరి బస్సు గుర్తొచ్చి అప్పటికే దారి పట్టారు.

తెర లేచింది ఎనిమిది దాటాక. హాలు టైము అయిపోతోందని నిర్వాహకులు పక్క నుంచి సైగలు చేస్తుంటే, పాపం ఆ నటులు చివరి సీను పరుగులాగా ముగించారు. గంట నాటిక కోసం ఊరు కాని ఊరు నుంచి రాత్రంతా రైల్లో వచ్చినవాళ్లు వాళ్లు. మైకులు ఉపన్యాసాలకు గణగణలాడాయి, డైలాగుల దగ్గరకొచ్చేసరికి గొంతు పెగల్లేదు.

మీ కథనం ఇదంతా వదిలేసి నేరం సెల్‌ఫోన్ మీదా, ఓటీటీ మీదా, మాతృభాష మరచిన కుర్రకారు మీదా వేసింది. ఆ కుర్రకారునే నేను జేపీ నగర్ రంగశంకరలో చూస్తుంటాను. 2004లో కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ పేరు మీద కట్టిన ఆ థియేటర్‌లో టికెట్ కొని, కన్నడ నాటకాలూ ఇంగ్లీషు నాటకాలూ చూసేవాళ్లలో మన పిల్లలు బోలెడుమంది. బయట మెట్ల మీద టీ తాగుతూ తెలుగులోనే కబుర్లు చెప్పుకుంటారు. అక్కడ టైము దాటితే ఎంతటివారినైనా లోపలికి పోనివ్వరు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు కాబట్టే అందరూ ముందే వస్తారు. అదే బెంగళూరు, అదే ట్రాఫిక్.

ఇంకో మాట రాశారు, ఇక్కడ తెలుగు నాటకానికి వేళ్లు లేవని. ఆంధ్ర నాటక పితామహుడని మనం చెప్పుకునే ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ అనే నాటక సమాజం పెట్టింది బళ్లారిలో. నాటక రచయిత కోలాచలం శ్రీనివాసరావుదీ, నటుడు బళ్లారి రాఘవదీ ఆ ఊరే. 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసిన బళ్లారి ఈ కర్ణాటకలోనే కదా ఉంది! 1891లో ఆచార్యులవారి బృందం మద్రాసు వెళ్లి ఆడిన నాటకాలు చూసి పమ్మల్ సంబంధ మొదలియార్ ఆ ఏడాదే అక్కడ సుగుణ విలాస సభ అనే నాటక సమాజం పెట్టారు. తమిళ నాటకానికి అంత సేవ చేసిన మనిషి, మొదట మన నాటకానికి ఒక ప్రేక్షకుడు. ఆయన్ని కూడా రెండు గంటలు శాలువాలు చూపిస్తూ కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో!

ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టిన బళ్లారి రాఘవ 1946 ఏప్రిల్ 16న పోయారు. కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు కూడా ఏప్రిల్ 16 కావడంతో అదే మన తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు కూడా నేను చూసినంతవరకు జరిగేది దండ, ఉపన్యాసం, ఉప్మా. నాటకం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

అధికారుల సంగతి ఎత్తితే ఈ ఉత్తరం తెగదు. మా పేటలో ఒక రంగమందిరం ఉంది. శిలాఫలకం మీద ఏ నాయకుడి పేరూ మిస్సవలేదు. లోపల ఏడాదిలో సగం రోజులు చీరల సేలు, మిగతా సగం తాళం. ఔత్సాహిక బృందం ఒకటి రిహార్సల్‌కి అడిగితే ఫైలు పైకి వెళ్లిందన్నారు, ఇంకా కిందికి దిగలేదు. లైట్లు పనిచేయవు, మరుగుదొడ్డి సంగతి ఆడవాళ్లను అడగండి. వీళ్లే మళ్లీ వేదికలెక్కి కళలు అంతరించిపోతున్నాయని గొంతు బొంగురు చేసుకుంటారు.

మా బోటివాళ్లకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. నాటకం అయ్యాక మర్నాడు వార్త వేసే బదులు రెండు రోజులు ముందు వేయండి. హాలు, టైము, నాటకం పేరు, ఆడేవాళ్ల పేర్లు నాలుగు లైన్లలో పట్టేస్తాయి. ఇప్పుడైతే వాట్సాప్‌లో ఎవరో పంపితే తెలియాలి, లేదా అయిపోయాక మీ పత్రికలో శాలువాలు చూసి తెలుసుకోవాలి. నిర్వాహకులకు కూడా ఒక మనవి: సన్మానాలు నాటకం అయిపోయాక పెట్టండి. ఎంతమంది అతిథులు చివరిదాకా కూర్చుంటారో అప్పుడు మీరే ఫొటో తీయించవచ్చు.

ఇక ప్రవేశం ఉచితం అని వేయడం మానేస్తే ఇంకా మంచిది. ఊరికే వచ్చిన సభ కాబట్టే మధ్యలో లేచిపోవడానికీ, గంటలు ఆలస్యం చేయడానికీ ఎవరికీ మొహమాటం ఉండదు. వంద రూపాయలు టికెట్ పెట్టండి, కొంటాను. చెప్పిన టైముకి తెర తీయకపోతే కౌంటర్ దగ్గరికొచ్చి నా వంద నేను అడిగి పుచ్చుకుంటాను.

ఒక ప్రేక్షకుడు,
యశవంతపుర, బెంగళూరు