బిట్లు సరే, బండి ఎక్కడ ఆగుతుందో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కాజీపేటలో ఉంటాను. ముప్పై ఏండ్లకు పైగా రైలింజను నడిపి రిటైరైన మనిషిని, చదువు చెప్పే పని ఏనాడూ చేయలేదు, కాబట్టి ఇందులో ఏదైనా మాట తేడాగా ఉంటే మాస్టార్లు మన్నించాలి. మీ విద్యా పేజీ రోజూ చదువుతాను, మా మనవరాలి కోసం కత్తిరించి ఫైల్లో పెడతాను. ఆ పేజీ గురించే ఈ ఉత్తరం.

మా మనవరాలు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. హాస్టల్లో ఉంటుంది, బతుకమ్మ సెలవులకు ఇంటికొచ్చింది. వాళ్లమ్మమ్మ తాంబాళంలో తంగేడు పూలు పేరుస్తుంటే ఈ పిల్ల పక్కనే కూర్చుని బిట్లు చేస్తోంది. ఒక రైలు లెక్క వచ్చింది. రైలు కదా అని నేను కూడా తొంగిచూశాను. 600 మీటర్ల రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో 400 మీటర్ల వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుంది, ఇదీ ప్రశ్న. టకటకా 600, 400 కలిపింది. సంతోషమేసింది, ఎందుకంటే వంతెన దాటడమంటే ఇంజను దాటడం కాదు, వెనక గార్డు డబ్బా కూడా దాటాలి, అది పిల్లకు తెలుసు. తర్వాత 1000ని 72తో భాగించింది, 13.9 వచ్చింది, ఆప్షన్లలో 14 సెకన్లు ఉంది, టిక్కు పెట్టి కింది బిట్టుకు పోయింది.

"బిడ్డా, పద్నాలుగు సెకన్లలో కిలోమీటరు పోయిందంటే గంటకు ఎంత స్పీడు?" అన్నాను. ఫోన్లో లెక్కేసి 257 అంది. 72తో నడిచే బండి వంతెన మీదికి రాంగనే 257 ఎట్లయింది అని అడిగితే నవ్వి, "అయ్యో, 5/18తోని గుణించుడు మర్చిపోయిన తాతా" అంది.

ఆ 5/18 ఎక్కడిది అని అడిగాను. ఫార్ములా అంది. కిలోమీటరుకు 1000 మీటర్లు, గంటకు 3600 సెకన్లు, ఆ రెంటినీ కుదిస్తే వచ్చేదే అది అని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినే తీరిక లేదో నాకు తెలియదు. మేం డ్యూటీలో స్పీడోమీటరు మీద అనుమానం వస్తే లైను పక్కన కిలోమీటరు పోస్టులు చూసుకుంటూ వాచీ పట్టేవాళ్లం. రెండు పోస్టుల మధ్య 36 సెకన్లు పడితే వంద, 40 పడితే తొంభై, 50 పడితే 72, అంటే 3600ని సెకన్లతో భాగించడమే. ఇది చెప్పగానే మనవరాలు పెన్ను పక్కన పెట్టి, "అయితే ఈ లెక్కకు ఆన్సరు 50 సెకన్లే గదా, పోస్టుకు పోస్టు" అంది. ఒక్క అంకె కూడా మళ్లీ రాయలేదు.

అప్పటి నుంచి నాకు ఒక పిచ్చి పట్టింది, రోజూ ఏదో ఒకటి అడగడం. వాకిట్లో నిమ్మకాయ పైకి ఎగరేసి పట్టుకున్నాను. పైన క్షణం పాటు ఆగింది చూడు, అక్కడ దాని మీద బలం ఎంత అంటే సున్నా అంది, ఏమాత్రం అనుమానం లేకుండా. సున్నా అయితే మరి కిందికి ఎందుకొచ్చింది, అక్కడే వేలాడాలి గదా? చానాసేపు మాట్లాడలేదు. వేగం సున్నా అయిందంటే బలం కూడా సున్నా అయినట్టే అనుకుంటున్నారు పిల్లలు. పైన కూడా గురుత్వ త్వరణం అదే 9.8, క్షణం కూడా సెలవు తీసుకోదు. పుస్తకంలో ఈ వాక్యం ఉంది, మనవరాలు దాని కింద గీత కూడా గీసుకుంది, అయినా నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు రాలేదు. ఎనుమాముల మార్కెట్లో 40 కిలోల మిర్చి బస్తా బరువు న్యూటన్లలో ఎంత అంటే మాత్రం 392 అని వెంటనే చెప్పింది, కానీ కాంటా మీద ఎవరూ న్యూటన్లు ఎందుకు చూడరని అడిగితే నన్ను వింతగా చూసింది.

ఇంకో సంగతి. ఆ సెలవుల్లోనే అందరం రామప్పకు పోయాం. గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలతాయని గైడు చెప్తే పిల్లలంతా వీడియోలు తీసుకున్నారు, కాకతీయుల రహస్యం అన్నారు, అయిపోయింది. తేలింది సరే, ఎంత భాగం మునిగి తేలింది? పదింట తొమ్మిది వంతులు మునిగిందంటే ఆ ఇటుక సాంద్రత నీటి సాంద్రతలో పదింట తొమ్మిది వంతులన్నమాట, రహస్యంలో సగం అక్కడే తేలిపోతుంది. ఫిజిక్సు ఎంత చదివినా ఆ ప్రశ్న వేయాలని ఒక్కరికీ తట్టలేదు.

మనవరాలు చెప్పేది కూడా అబద్ధం కాదు. "తాతా, ఎంసెట్ల 160 బిట్లు, 180 నిమిషాలు, నువ్వు చెప్పినట్టు ఆలోచించుకుంట కూసుంటే అయిపాయె" అంటుంది. (పేరు మార్చినా ఇంట్లో అందరం ఎంసెట్ అనే అంటాం.) నిజమే. కానీ 14 సెకన్లు తప్పని పట్టుకోవడానికి ఎంతసేపు పట్టింది? ఆ 14ని ఆప్షన్లలో పెట్టినవాడికి పిల్లలు ఎక్కడ జారిపడతారో ముందే తెలుసు, మన పిల్లలకే తెలియడం లేదు.

సద్దుల బతుకమ్మ ముందు రోజు ముగ్గుపిండితో వాకిట్లో పొడుగ్గా ఒక గీత గీశాను. ఇది పట్టాలు, ఇదిగో ఇక్కడ నా ఇంజను, సింగరేణి బొగ్గు లోడు, 58 వ్యాగన్లు, స్పీడు 72. ఇక్కడ బ్రేకు వేస్తే కిలోమీటరు అవతల ఆగింది. అదే లోడు, అదే బ్రేకు, స్పీడు మాత్రం 36. ఎక్కడ ఆగుతుంది? గీత మీద నిలబడు అన్నాను. సగానికి నడిచి నిలబడింది. స్పీడు సగం, దూరం సగం. కొత్తగా లైనెక్కినప్పుడు మేమూ అదే అనుకునేవాళ్లం, లోడు నడపంగ నడపంగ ఒంటికి తెలిసింది. సరే, నీ ఫార్ములా తీయి అన్నాను. వేగం వర్గం ఉన్న సూత్రం నోటికొచ్చు, రాసింది. సెకనుకు 20 మీటర్లు, వర్గం 400, దూరం 1000 మీటర్లు, త్వరణం మైనస్ 0.2 వచ్చింది. ఆ మైనస్ ఎందుకొచ్చిందని నేను అడగకముందే "వెనకకు గుంజుతుంది గదా" అంది. తర్వాత సెకనుకు 10 మీటర్లు పెడితే 250 వచ్చింది. కాసేపు ఆ అంకెను చూసి, లేచి గీత మీద వెనక్కి నడిచి నాలుగో వంతు దగ్గర నిలబడింది. డిస్టెంట్ సిగ్నల్‌ను (ముందున్న సిగ్నల్ సంగతి దూరం నుంచే చెప్పేదాన్ని) కిలోమీటరు ముందే ఎందుకు పెడతారో, వాళ్ల నాన్న మోటరుసైకిల్ మీద ఫాతిమానగర్ బ్రిడ్జి స్పీడుగా దిగేటప్పుడు నేను ఎందుకు తిడతానో ఆ రోజు ఒకేసారి అర్థమైంది పిల్లకు.

ఇక మీకు నా విన్నపం. మీ పేజీలో రోజూ బిట్లు వేస్తున్నారు, కింద తలకిందులుగా జవాబులు వేస్తున్నారు. వాటిలో ఓ పది తీసేసి, ఆ జాగాలో ఒకే ఒక్క లెక్క వేయండి. ఆప్షన్లు వద్దు. బొమ్మ గీసుకోమనండి, చేసే ముందు జవాబు సుమారు ఎంతుంటుందో అంచనా రాయమనండి. జవాబు మర్నాడు వేయండి, దాంతోపాటు పిల్లలు ఎక్కువగా ఎక్కడ తప్పు చేస్తారో, ఎందుకు చేస్తారో కూడా వేయండి, నాకు తెలిసి అదే అన్నిటికన్నా పనికొచ్చేది. ఆ లెక్కలు కూడా బోర్డు మీది దిమ్మెలు, కప్పీలతోనే కాకుండా బావి, బస్సు, కరెంటు మోటరు, పత్తి కాంటా లాంటి వాటి మీద ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఒక చెయ్యి వేస్తారు.

మొదటి లెక్క నేనే పంపుతున్నాను, మొన్న ఆదివారం హాస్టల్ నుంచి మనవరాలు ఫోన్లో నన్ను అడిగింది ఇది. నేను జవాబు చెప్పలేదు, చేసి చెప్పమన్నాను. అదే రేకు, అంటే ఆ వ్యాగన్ల వరుస మొత్తం, బొగ్గు దించేసి ఖాళీగా వస్తోంది, మొత్తం బరువు మూడో వంతుకు తగ్గింది, స్పీడు అదే 72, బ్రేకు బలం ఏమీ మారలేదనుకోండి. బండి ఎక్కడ ఆగుతుంది?

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్,
కాజీపేట, హనుమకొండ జిల్లా